మడిలో మాసిక

ఏంటి బాబూ అది, చంకలో చుట్ట? పొద్దున్నుంచీ చూస్తున్నా, మేడ మీద నీ అద్దె గదికి మెట్లెక్కినా దిగినా పసిపిల్లాణ్ణి మోసినట్టు మోస్తున్నావు. బొమ్మా? పాత అచ్చు బొమ్మా? ఇటివ్వు, చూద్దాం. భయపడకు, చేతులు కడుక్కునే ఉన్నా. నలభై ఏళ్ళు ఈ కాగితాల మధ్య బతికినవాణ్ణి, నీకంటే పదిలంగానే పట్టుకుంటా. ఇప్పుడంటే అగ్గిపెట్టెల మీద అంటించే చీటీలు చెక్కుకుంటున్నా గానీ, ఈ ఊరిని ఇంకా ఎడో అని పిలిచే రోజుల్లో అచ్చు చెక్కలు చెక్కేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కళ్ళజోడు ఏదీ? నెత్తి మీదే ఉందా, ఆఁ. ఓహో. ఓహోహో! హోషున్ గారి పన్నెండు నెలల పల్లె పనుల్లో ఐదో నెల. ఎచిగో నాట్లు. దీన్ని ఏం చేద్దామని? రేపు కవగొయే అవతల పల్లెలో రైతుల సభా? అక్కడ వేదిక మీద దీన్ని వేలాడదీసి ఉపన్యాసం ఇస్తావా? ఏదీ, ముందు నాకివ్వు ఆ ఉపన్యాసం. ఊఁ. "శ్రమే దేశానికి వెన్నెముక." ఊఁ. "రైతు చెమటలోంచి పుట్టిన కళ." ఊఁహూఁ. "మోకాలి లోతు బురదలో దిగి, రైతు పక్కన నిలబడి బొమ్మ గీసిన మొట్టమొదటి ప్రజా చిత్రకారుడు హోషున్." ఆగు. ఆగు బాబూ, టీ పొలమారింది. ఎవరు రాశారు ఇది? పేపర్లో పడిందా? నువ్వే రాసి పేపరుకిచ్చావా! శభాష్.

కూర్చో. లేదు లేదు, కూర్చో, నీ సభ రేపు కదా. హోషున్ బురదలో దిగాడా? నాయనా, ఆయన వాన పడితే వీధిలోకే దిగేవాడు కాదు. తెల్లటి బట్ట మేజోళ్ళు, అవి మాసిపోతాయని పల్లకీ పిలిపించుకుని రెండు వీధులు దాటి స్నానాల ఇంటికి వెళ్ళేవాడు. స్నానం చెయ్యడానికి మేజోళ్ళు మాయకుండా వెళ్ళిన మనిషి ఆయనొక్కడే. ఎచిగో అంటే ఉత్తరాన మంచు దేశం, పది రోజుల నడక. ఈయన నిహోన్‌బషి వంతెన మీంచి చేపల మార్కెట్ వాసన తగిలితేనే ముక్కు మూసుకునేవాడు. పల్లెలన్నీ పుస్తకాల్లో చూసి గీశాడు. యాత్రల పుస్తకం ఒకటి, పైరుపంటల పుస్తకం ఒకటి, అదీ సగం చినిగింది. కొలను గీయమంటే తన దొడ్లో ఉన్న చేపల తొట్టి చూసి పెద్దది చేసేవాడు. ఇక ఫుజి కొండ సంగతి సరేసరి. ఫుజి లేని బొమ్మ అమ్ముడుపోదని బొమ్మలు అచ్చేయించి అమ్మే దుకాణం ఆయన చెప్పాడట, అంతే, ఎక్కడ చూసినా ఫుజి. చేపలు పట్టేవాడి వెనక ఫుజి, బట్టలుతికే ఆవిడ వెనక ఫుజి, దొడ్డికి కూర్చున్నవాణ్ణి గీసినా వెనకాల ఫుజి ఉండేది. ఇదిగో, నీ బొమ్మలోనూ ఉంది చూడు. ఎచిగోలో ఫుజి! అక్కణ్ణించి ఫుజి కనబడాలంటే మధ్యలో ఉన్న కొండల్ని ఎవరైనా చాప చుట్టినట్టు చుట్టి పక్కన పెట్టాలి. నవ్వకు. నువ్వు ఈ ఉపన్యాసంలో దాన్నే "మాతృభూమి శిఖరం" అన్నావు కదా. ఇదిగో, రెండో పుటలో ఉంది.

నేను చెప్పబోయేది ఆయన గురించి కాదులే. ఆయన పేరు అందరికీ తెలుసు, ఇదిగో కింద ఎర్ర ముద్రతో సహా ఉంది. దుకాణం పేరుంది. సర్కారు తనిఖీ ముద్ర ఉంది. చెక్కినవాడి పేరేది? వెతుకు. వెతుకు, నీ కళ్ళు కుర్ర కళ్ళు. లేదు కదా. ప్రజల హక్కుల గురించి అంత గొంతు చించుకుంటావు, ఆ సంగతి ఎప్పుడైనా తోచిందా? హోషున్ పల్చటి కాగితం మీద సిరాతో గీసిస్తాడు. తర్వాత పనంతా మాది. మా క్యూబే మేస్త్రి దగ్గర ఆరుగురం. పద్ధతేంటంటే, అందగత్తె మొహం, జుట్టు, వేళ్ళు, ఇవి పెద్ద మేస్త్రి చెక్కుతాడు. ఒక్కొక్క వెంట్రుక ఒక్కొక్కటిగా. బట్టల మడతలు తర్వాతవాడికి. మిగిలిన చెత్తంతా అడుగువాళ్ళకి. చెత్త అంటే ఏంటో తెలుసా? కొండలు, చెట్లు, గట్లు, వాన, నీళ్ళు, బరువు మోసే కూలీలు, గొడుగు టోపీ పెట్టుకుని వంగి పనిచేసేవాళ్ళు. మొహం కనబడని మనిషి ఎవడైనా సరే అడుగువాడి వాటా. నువ్వు కళలో శ్రమ అంటున్నావే, మా దుకాణంలో దానికి పేరు "కాళ్ళూ చేతులూ". "ఒరేయ్, ఈ రోజు కాళ్ళూ చేతులూ ఎన్ని?" అని అడిగేవాడు మేస్త్రి. ఆ కాళ్ళూ చేతులూ చెక్కడంలో మొనగాడు తోకుమత్సు. నేను చెప్పేది వాడి గురించి.

తోకుమత్సు ఎచిగో వాడే. పొట్టిగా, మెడ లేకుండా, ఊరగాయ జాడీ నడిచొచ్చినట్టు ఉండేవాడు. మంచు కాలంలో ఆ ఊళ్ళ మగాళ్ళు బియ్యం దంచే పనికి ఎడో వచ్చేవాళ్ళు, మంచు కరిగాక నాట్లకి వెళ్ళిపోయేవాళ్ళు. వీడు ఒక ఏడాది వెళ్ళలేదు. దంపుడు పనికి మా దుకాణానికొచ్చి, చెక్క ముక్క మీద రోకలి పట్టుకున్న చెయ్యి ఒకటి ఊరికే చెక్కాడట. మేస్త్రి చూసి కూర్చోబెట్టుకున్నాడు. పదహారేళ్ళు కూర్చున్నాడు అలాగే, కిటికీ పక్కన. నాకు ఇరవై మూడు, వాడికి నలభై దగ్గర. కత్తి నూరడం నాకు నేర్పింది వాడే. నూరుతూ నూరుతూ బూతులు తిడుతూ నేర్పాడు. "నీ పట్నం చేతులు తగలెయ్య, కత్తిని నూరరా అంటే బుజ్జగిస్తావేంట్రా" అని. మాట మాత్రం అచ్చంగా ఎచిగో యాసే. స్నానాల ఇంట్లో నోరు విప్పితే జనం తిరిగి చూసేవాళ్ళు. "మా ఊళ్ళో అయితేనా" అనేదే వాడి పల్లవి. ఊరికి మాత్రం పోడు. పోతే పొలం పని చెయ్యాలి కదా! తల్లికి కబురు పంపేవాడు, నేను ఎడోలో పెద్ద పనిలో ఉన్నాను, నా చేత్తో చెక్కిన బొమ్మలు దేశమంతా తిరుగుతున్నాయి, నాట్లు ఎవడైనా వేస్తాడు, ఇది ఎవడు చేస్తాడు అని. తల్లి నాట్ల ముఠాకి పెద్ద. డెబ్భై దగ్గర పడ్డా వరసలో ముందు ఆవిడే నిలబడి పాట ఎత్తుకునేదట.

కబుర్లు మోసేవాడు టొయామా నుంచి ఊరూరా మందులు అమ్ముకుంటూ తిరిగే మందులాయన. ఏడాదికోసారి వెనక ఐదు పెట్టెలు కట్టుకుని వచ్చేవాడు, పిల్లలున్న ఇంట్లో కడుపునొప్పి పొడితోపాటు ఒక అచ్చు బొమ్మ ఊరికే ఇచ్చేవాడు. పరదేశీయుల నల్ల ఓడలు మన రేవుకి వచ్చిన ఏడాది, వసంతంలో వచ్చాడు. తోకుమత్సు ఉబ్బిపోతూ అడిగాడు, "నా బొమ్మ మా ఊరికి చేరిందా?" అని. అంతకు ముందేడు హోషున్ గీసిన చిన్న బొమ్మ ఒకటుంది, నాట్లదే, చౌక రకం, అది వీడే చెక్కాడు, చెక్కుతూ చూసుకోలేదు. పదహారేళ్ళయ్యాక చెయ్యి గీత వెంట పోతుంది గానీ గీత ఏం చెబుతుందో చూడదు. మందులాయన గొంతు సవరించుకున్నాడు. "చేరింది తోకుమత్సూ. మీ ఊరి పెద్ద ఇంట్లో గోడకి పెట్టారు. ఊరంతా వచ్చి చూశారు." "చూసి?" "నవ్వారు." "నవ్వడమేంటి?" "నాటు వేసే ఆడవాళ్ళు ముందుకి నడుస్తున్నారట ఆ బొమ్మలో. నాటిన నారుని వాళ్ళే తొక్కుకుంటూ పోతున్నారట. తోకుమత్సు పట్నంలో నాట్లు ఇలా వేస్తాడు కాబోలు అని పొట్టలు పట్టుకున్నారు. మీ ఊరి పిల్లకాయలకి నాట్ల రోజుల్లో అదే ఆట, 'తోకుమత్సు నాటు' అని, ముందుకి గెంతుతూ బురదంతా తొక్కడం." వీడి చేతిలో కత్తి ఆగిపోయింది. "మా అమ్మ?" "మీ అమ్మ నవ్వలేదు. ఒక మాట చెప్పమంది. అది వాడు చెక్కింది కాకపోతే రమ్మను, వాడు చెక్కిందే అయితే నా గడప తొక్కొద్దను, అంది."

నువ్వు నవ్వుతున్నావు. పట్నం వాడికి నవ్వే వస్తుంది. నాకూ వచ్చింది అప్పుడు. వాడు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు నాతో అన్నాడు, "ఒరేయ్ యసుకే, ఒక్కటంటే ఒక్క సరైన నాటు అచ్చులో పడాలి. దాన్ని తీసుకుని ఊరికి పోతా. అది లేకుండా ఏ మొహం పెట్టుకుని పోను?" అని. పదహారేళ్ళు ఊరికి పోనివాడు, రావద్దనగానే పోవాలనుకున్నాడు. మనుషులు అంతేలే. ఆ వేసవిలోనే ఈ పన్నెండు నెలల పని వచ్చింది. ఒక్కో నెల కాగితం రావడం, చెక్కడం. మొదటి నెల మంచు, రెండో నెల దుక్కి, అలా. ఐదో నెల కాగితం విప్పగానే వాడు చూసింది ఎక్కడో తెలుసా? కొండ కాదు, మబ్బు కాదు, ఆడవాళ్ళ మడమల వెనక. హోషున్ మళ్ళీ అలాగే గీశాడు! ఏడుగురు ఆడవాళ్ళు ఫుజి వైపు మొహం పెట్టి వంగి ఉన్నారు, చేతుల ముందు ఖాళీ నీళ్ళు, మడమల వెనక మొలిచిన నారు. అంటే నాటుకుంటూ ఫుజి వైపు నడుస్తున్నారన్నమాట. తోకుమత్సు కాగితం పట్టుకుని మేస్త్రి దగ్గరకి వెళ్ళాడు. మేస్త్రి ఆ వేళ అందగత్తె చెవి చెక్కుతున్నాడు, ఊపిరి బిగబట్టి. "మేస్త్రీ, ఇది తప్పు." "ఏది?" "నాట్లు వేసేవాళ్ళు వెనక్కి నడుస్తారు. నాటింది కళ్ళ ముందుండాలి. వెనక ఖాళీ ఉండాలి." మేస్త్రి తల ఎత్తకుండానే, "హోషున్ గారు గీశారా?" "ఆఁ." "అయితే మనుషులు ముందుకే నడుస్తారు. నీ పని గీత వెంట పోవడం. నీకు పొలం అంత బెంగగా ఉంటే పొలానికే పో" అన్నాడు.

వాడు మొండోడు. పెద్ద ముల్లంగి ఒకటి కాగితంలో చుట్టుకుని, కానుకన్నమాట, నన్ను తోడు తీసుకుని హోషున్ ఇంటికే వెళ్ళాడు. మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టి సగం రోజు తర్వాత పిలిచారు. లోపల కొత్త చాపలు, వాసనే వేరు. గురువుగారు పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తోకుమత్సు మొదలుపెట్టాడు. నోటితో చెప్పలేకపోతున్నాడు, యాస అడ్డొస్తోంది, గురువుగారికి సగం అర్థం కావట్లేదు. దాంతో లేచి నిలబడ్డాడు. పొయ్యి దగ్గర అన్నం తినే పుల్లలు కట్టగా ఉన్నాయి, అవి తీసుకున్నాడు, నారుకట్టలాగా ఎడం చేత పట్టుకుని, పంచె ఎగ్గట్టి, నడుం వంచి, చాప అతుకుల్లో ఒక్కొక్క పుల్లా గుచ్చుకుంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. "ఇలా గురువుగారూ. ఒకటి, రెండు, మూడు, అడుగు వెనక్కి. ఒకటి, రెండు, మూడు, అడుగు వెనక్కి." ఊరి నాటు పాట కూడా ఎత్తుకున్నాడు మధ్యలో, ఒళ్ళు తెలియకుండా. ఎంత బాగా వేశాడనుకున్నావు, ఆ పుల్లలు దారం పట్టి కట్టినట్టు వరసగా నిలబడ్డాయి చాప మీద. నేను నోరు తెరుచుకుని చూస్తున్నా. అలా వెనక్కి నడుస్తూ నడుస్తూ పోయి పోయి వాడి పిరుదులు బంగారు రేకుల తెరకి తగిలాయి. తెర పడింది. తెర మీద వీడు పడ్డాడు. పిల్లి అటక మీదకి ఎగిరింది. గురువుగారు కదలకుండా, "చూశావా, వెనక్కి నడిస్తే జరిగేది ఇదే" అన్నారు. 

తర్వాత ఒక పాఠం కూడా చెప్పారు, అది నువ్వు వినాలి, నీ పత్రికకి పనికొస్తుంది. "చూడు తోకుమత్సు. ఈ బొమ్మ కొనేది రైతు కాదు, పట్నం వాడు. వాడికి జనం పవిత్రమైన కొండ వైపు ముందుకి సాగుతూ కనబడాలి. కొండకి దూరంగా వెనక్కి వెనక్కి పోయే జనాన్ని ఎవడు కొంటాడు? శ్రమలో ఒక నడక ఉండాలి." శ్రమలో ఒక నడక! నీ ఉపన్యాసంలో ఉన్నదే కదా, "ముందుకు సాగే శ్రమజీవులు" అని? ఏమీ అనుకోకు. ముప్పై అయిదేళ్ళ కిందటి మాట నీ నోట్లో అంత తాజాగా ఉంటే నవ్వొచ్చింది. ముల్లంగి మాత్రం పుచ్చుకున్నారు.

ఇక చెక్కడం. కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించాలి, బియ్యప్పిండి జిగురుతో. అది నా పని. అంటించాక వేలు తడి చేసుకుని కాగితం వీపుని మెల్లగా నలిచి నలిచి పొరలు పొరలుగా లేపెయ్యాలి, చివరికి సిరా గీత ఒక్కటే చెక్కకి అతుక్కుని కనబడుతుంది. ఆ గీతల్ని వదిలి మిగతాదంతా చెక్కెయ్యాలి. చెక్కడం అయ్యాక కడిగేస్తారు. గురువుగారి గీత అంటూ ఇక ఎక్కడా ఉండదు. అర్థమైందా? బొమ్మ పుట్టాలంటే కాగితం చావాలి. గురువుగారు ఏం గీశారో చూసినవాళ్ళు ఇద్దరే, అంటించిన నేను, చెక్కిన తోకుమత్సు. వాడు ఆడవాళ్ళని ముట్టుకోలేదు. నారు ఎంతుంటుంది చెప్పు, మొక్కకి మూడు వెంట్రుకలంత గీతలు. మడమల వెనక ఉన్న నారుని కత్తితో ఊడ్చేశాడు, అక్కడ ఖాళీ నీళ్ళు. సన్న కుంచెతో చేతుల ముందు కొత్త నారు పెట్టుకున్నాడు, దాన్ని చెక్కాడు. అంతే. ఏడుగురు ఆడవాళ్ళూ ఉన్నచోటే ఉన్నారు, కానీ ఇప్పుడు వెనక్కి నడుస్తున్నారు. నేను పక్కనుంచి చూస్తున్నా. వాడు ఒక్కసారి నా వంక చూసి, "ఏరా యసుకే, నువ్వేం చూశావు?" అన్నాడు. "ఏమీ చూళ్ళేదు" అన్నా. "బంగారం" అన్నాడు.

నమూనా అచ్చు తీసి గురువుగారికి పంపారు, రంగులు గుర్తుపెట్టడానికి. మేమిద్దరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. సాయంత్రానికి తిరిగొచ్చింది. "ఫుజి మీద నీలం ఇంకా ముదురు" అని రాసి ఉంది. అంతే! ఆయన తన బొమ్మలో మనుషుల్ని చూడనే లేదు. అచ్చయ్యాయి రెండొందల కాగితాలు. వాటిల్లో ఒకటి అచ్చు వేసేవాణ్ణి బతిమాలి తీసుకుని తోకుమత్సు తన గూట్లో దాచుకున్నాడు, మిగిలిన నెలలు పూర్తయ్యాక ఊరికి పోదామని. అన్నీ సవ్యంగా జరిగిపోయేవే. కానీ మెప్పుదల వచ్చింది కదా, అది కొంప ముంచింది.

ఏం జరిగిందంటే, షిమోసా నుంచి ఒక పెద్ద రైతు, పాతిక గ్రామాలకి పెద్ద, పనిమీద ఎడో వచ్చి బొమ్మలు అమ్మే దుకాణంలో ఈ బొమ్మ చూశాడు. చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. "ఇన్నాళ్ళకి నాట్లు తెలిసిన మనిషి బొమ్మ గీశాడు. ఈయన మోకాలి లోతు బురదలో దిగినవాడే. ఆ వెనకడుగు చూడండి, దిగనివాడికి రాదు!" అని. దుకాణం ఆయన పరిగెత్తుకెళ్ళి హోషున్‌కి చెప్పాడు. హోషున్ ఊరుకుంటాడా? మర్నాడు నదీ విహారంలో నలుగురు కవులు, ఇద్దరు బియ్యం వర్తకులు కూర్చుని ఉండగా, "అవును, కుర్రతనంలో ఎచిగోలో మూడు వేసవులు, రైతుతోపాటు బురదలో, జలగలు పట్టుకుంటే ఉప్పేసి తీసుకునేవాణ్ణి" అని చెప్పాడట. జలగలు! అక్కడ ఒక వర్తకుడు బొమ్మ తెప్పించి, "ఏదండీ ఆ వెనకడుగు, చూపించండి" అన్నాడు. అప్పుడు హోషున్ తన బొమ్మని మొదటిసారి చూశాడు. నారు ముందుంది. తను పెట్టింది వెనక. తనని ఊరంతా పొగుడుతున్నది తను గీయని గీత కోసం. తప్పు గీశానని ఆయనకి బాధ లేదు బాబూ. తప్పుని ఎవడో పంచె ఎగ్గట్టుకునేవాడు దిద్దాడు, ఆ దిద్దుడికి మెప్పొచ్చింది, అదీ కడుపులో మంట.

పొద్దున్నే దిగాడు మా దుకాణానికి. పల్లకీలోనే. చెక్క తెప్పించి ముందు పెట్టాడు. "నా నారుని కదిపిందెవరు?" అన్నాడు. తోకుమత్సు చేతులు తొడల మీద పెట్టుకుని, తల వంచి, "గురువుగారు గీసిందే చెక్కానండీ" అన్నాడు. అబద్ధమే. ఎంత చక్కటి అబద్ధం చూడు. హోషున్ అది కాదనాలంటే, నేను తప్పుగానే గీశాను అని పదిమందిలో ఒప్పుకోవాలి. ఔనంటే, తోకుమత్సుని వదిలెయ్యాలి. కాగితం లేదు, చూపించడానికి. ఆయన మొహం ఎర్రబడింది, తెల్లబడింది. నేను మూలన కూర్చుని లోపల లోపల పొంగిపోతున్నా. అప్పుడు క్యూబే మేస్త్రి, ఆ రోజు కాగితం వంక తలెత్తి చూడనివాడు, నా వైపు తిరిగాడు. "ఒరేయ్ యసుకే. కాగితం అంటించింది నువ్వు కదా. నారు ఎటుంది?"

అందరూ నన్నే చూశారు. తోకుమత్సు మాత్రం చూళ్ళేదు. వాడు కిటికీ లోంచి బయటికి చూస్తున్నాడు, వాడికి అంత నమ్మకం. ఒక్క మాట. "నేను చూళ్ళేదు మేస్త్రీ" అంటే చాలు. అంతకుముందు వాడితో అన్నదే మళ్ళీ అనడం. నేనేం అన్నానో తెలుసా? "మడమల వెనక ఉందండీ" అన్నా. నిజం చెప్పాను బాబూ! ఆ దుకాణంలో ఉన్న అన్నేళ్ళలో అబద్ధాలు ఎన్నాడానో లెక్కలేదు, తాగొచ్చి జ్వరమన్నా, కత్తి విరగ్గొట్టి ఎలుక అన్నా. సరిగ్గా ఆ ఒక్క పూట సత్యం మాట్లాడా. నువ్వు గోడ మీద కాగితం అతికించుకున్నావే, "సత్యమే జనానికి ఆయుధం" అని. చూసినప్పుడల్లా నాకు కిటికీ పక్కన ఆ చోటు గుర్తొస్తుంది. వెలుతురు ఎడం వైపు నుంచి పడేది, పొద్దెక్కినా చల్లగా ఉండేది. మర్నాటి నుంచి అక్కడ కూర్చున్నది ఎవరంటావు?

వాడు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లలో మొనగాడు కదా. కత్తులు గుడ్డలో చుట్టుకున్నాడు, ఆ దాచుకున్న కాగితం చుట్టి పొట్టకి కట్టుకున్నాడు, మేస్త్రికి దండం పెట్టాడు. నా దగ్గర ఆగి, నా నూరుడు రాయి తిప్పి చూసి, "ఈ పక్క గుంట పడుతోంది, రెండో పక్క వాడు" అని చెప్పి వెళ్ళాడు. పదో నెల. దారిలో కొండల మీద మంచు మొదలయ్యే రోజులు. హోషున్ ఏం చెయ్యమన్నాడంటే, చెక్కకి మాసిక వెయ్యమన్నాడు. చిరిగిన బట్టకి వేసినట్టే. మడమల వెనక చోటు గుంటగా తవ్వి, కొత్త చెక్క ముక్క సరిగ్గా బిగించి, దాని మీద నారు మళ్ళీ చెక్కాలి. చేతుల ముందున్న నారు ఊడ్చెయ్యాలి. ఆడవాళ్ళు మళ్ళీ ముందుకి నడవాలి, కొండ వైపు, పవిత్రంగా. చేసింది నేనే. అందంగా చేశా. మెప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. షిమోసా పెద్దమనిషి అన్న మాట ఊరంతా పాకింది కదా, మాసిక వేసిన బొమ్మ పట్టుకుని కూడా జనం "ఆహా, వెనకడుగు, బురదలో దిగినవాడే" అనేవాళ్ళు. అదే మాట నోటి నుంచి నోటికి, పుస్తకం నుంచి పుస్తకానికి వచ్చి వచ్చి, నీ పేపర్లో పడింది. ఒక్కడూ బొమ్మ వంక చూస్తే కదా!

తోకుమత్సు సంగతా? మళ్ళీ ఏడు, నాట్లు ముగిశాక మందులాయన వచ్చాడు. నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. చేరాడట. ముక్కు చివర మంచుకి నల్లబడి, అయినా చేరాడట. గడప బయటే నిలబడి కాగితం తల్లి చేతికిచ్చాడట. ఆవిడ పొయ్యి దగ్గర వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. ఊళ్ళో వాళ్ళు మూగారు. చివరికి ఆవిడ, "నాటు సరిగ్గానే ఉంది. లోపలికి రా" అందట. అని, మళ్ళీ బొమ్మ చూసి, "ఆ కొండేంట్రా మన ఊళ్ళో?" అందట. ఆ ఏడు నాట్లలో తల్లి పక్కన వరసలో నిలబడ్డాడని చెప్పాడు. తర్వాత ఇక్కడ భూకంపం వచ్చింది, మా దుకాణం పోయింది, మందులాయన మళ్ళీ కనబడలేదు. ఇప్పుడుంటే వాడికి డెబ్భై అయిదుంటాయి. ఉండడులే.

ఇదిగో, ఇటు వెలుతురులోకి రా. నీది మొదటి రెండొందల్లోదా, కాదా? ఎక్కడ చూడాలో చెబుతా. ఈ ఆడవాళ్ళ మడమల వెనక నీటి గీతలు చూడు. ఇక్కడ, వెంట్రుకంత తెగాయి. కనబడిందా? పై నుంచి కింద దాకా ఒకటే తెంపు. అది మాసిక అంచు. అది నాది. నువ్వు కొన్నది నా నాటు బాబూ, ముందుకి సాగే శ్రమజీవులు, తమ పంట తామే తొక్కుకుంటూ. రైతు గురించి మూడు పుటలు రాశావు, అందులో ఉన్న రైతు కాళ్ళ కింద ఏముందో చూసుకోలేదు. రేపు తీసుకెళ్ళు, తీసుకెళ్ళవద్దు అనను. వేలాడదియ్యి. కవగొయే అవతలి వాళ్ళు నీ ఉపన్యాసం వినరు గానీ కడుపారా నవ్వుకుంటారు. వాళ్ళ నవ్వు విన్నాక నీకు ఏదైనా తెలిస్తే తెలియచ్చు.

ఏంటి, ఎక్కడ? మూడో ఆవిడ చేతి ముందా? ఏదీ. అవును, ఒక మొక్క. ముందు వైపు ఒక్క మొక్క మిగిలిపోయింది. బాగానే పట్టావే, ఇప్పుడు చూడ్డం వచ్చింది నీకు. కావాలని వదిలానా అంటావా? తిరుగుబాటా? అబ్బ, నీ నోట్లో ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కదా. ఆ పూట అన్నానికి పిలిచారు, మళ్ళీ వచ్చి చూసుకోలేదు, అంతే. అంతే అనుకుంటా. నలభై మొక్కలు ఊడ్చినవాణ్ణి ఆ ఒక్కదాని దగ్గర కత్తి ఎందుకు...

వాన మొదలైనట్టుందే. నీ మేజోళ్ళు దండెం మీద ఉన్నాయి, ముందు పోయి అవి తీసుకురా.